టవరు మీద ఊగివచ్చిన మా బావ

పోయిన నెల పన్ను పీకించుకోవడానికి బందరులో ఒక పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళాను. మత్తు ఇంజక్షన్ ఇచ్చి, బుగ్గ మొద్దుబారేదాకా బయట కూర్చోమన్నారు. ఎదురుగా గోడ మీద టీవీ నడుస్తోంది. అందులో ఆకాశంలోకి పొడుచుకుపోయిన ఒక టవరు, దాని నెత్తి మీద ఒక ఇనుప చెయ్యి, ఆ చేతికి తగిలించిన కుర్చీల్లో మనుషులు. చెయ్యి మెల్లగా అంచు దాటి బయటికి వచ్చింది. కుర్చీలు గిర్రున తిరుగుతూ పైకి లేచాయి. అందరి మొహాలూ భూమివైపు వాలాయి. వాళ్ళ కాళ్ళ కింద గాలి తప్ప ఏమీ లేదు.

నేను లేచి నిలబడి "అదే! అదే!" అని అరిచాను. బుగ్గా నాలుకా నా స్వాధీనంలో లేకపోవడంతో అది "అయే! అయే!" అని వచ్చింది. పక్కనున్న ఆవిడ ఒళ్ళో పిల్లను గట్టిగా పట్టుకుంది. కాంపౌండరు పరిగెత్తుకొచ్చాడు.

"ఏమైందండీ?"

"మా బావ" అన్నాను టీవీ చూపిస్తూ. అది "ఆ ఆవ" అని వినబడింది.

"ఆవా? ఆవెక్కడుందండీ?" అని అతను టీవీలోకి తొంగిచూశాడు.

అతనికి చెప్పలేకపోయినది ఇక్కడ చెప్పుకుంటాను.

ఆయన మా అక్కయ్య భర్త. ఇల్లు గుడివాడలో, చేపల మేత, రొయ్యల మేత అమ్మే షాపు ముదినేపల్లిలో. ఆయన పోయి కొన్నేళ్ళయింది. పొట్టిగా, గుండ్రంగా, ఎప్పుడూ ఏదో లెక్క సరిచూసుకుంటున్నట్టు కనుబొమలు దగ్గరికి చేర్చుకుని ఉండేవాడు. ఆయనకున్న జబ్బు ఒక్కటే. అబద్ధం రాదు. అబద్ధమంటే కోర్టులో చెప్పేదీ, వ్యాపారంలో చెప్పేదీ మాత్రమే కాదు. మనమందరం పొద్దున లేచింది మొదలు ఇబ్బంది లేకుండా బతకడానికి చెప్పుకునే చిన్నచిన్నవి కూడా రావు.

ఎవరైనా ఎదురై "బాగున్నారా?" అంటే ఆగి ఆలోచించేవాడు. "ఎడమ మోకాలు కొంచెం పట్టేసిందండీ. మిగతాదంతా బాగుంది" అనేవాడు. పెళ్ళి భోజనాల్లో ఆడపెళ్ళివారు చేతులు కట్టుకుని "వంటలెలా ఉన్నాయి బాబుగారూ?" అని అడిగితే మా అక్కయ్య బల్ల కింద ఆయన కాలు తొక్కేది. ఆయన కిందికి చూసి "ఎందుకు తొక్కుతున్నావు?" అని పైకే అడిగేవాడు. ఆ తర్వాత పప్పుచారులో ఉప్పు తగ్గిన సంగతి చెప్పేవాడు.

పెళ్ళిచూపులకి బందరులో మా ఇంటికి వచ్చినరోజు మా నాన్న మర్యాదగా "అబ్బాయికి ఏమైనా అలవాట్లున్నాయా?" అని వాళ్ళ పెదనాన్నని అడిగాడు. పెదనాన్నగారు నోరు తెరిచేలోపల ఈయనే అందుకున్నాడు.

"గురక పెడతానండీ. అంటే మా అన్నయ్య చెప్పాడు. నేను వినలేదు."

మా అమ్మ బొబ్బట్లు పెట్టింది. "ఇంకొకటి వేసుకో బాబూ" అంది.

"వద్దండీ. బెల్లం మాడింది."

వాళ్ళు వెళ్ళిపోయాక ఈ సంబంధం వద్దే వద్దని మా నాన్న ఎగిరాడు. మా అక్కయ్య మాత్రం తలుపు వెనక నిలబడి కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వుకుని, ఈయన్నే చేసుకుంటానంది.

అటువంటి మనిషి మేత వ్యాపారంలో ఎలా బతికాడని అడగొచ్చు. బ్రహ్మాండంగా బతికాడు. రైతు వచ్చి "ఈ మేత వేస్తే రొయ్య పెరుగుతుందా అండీ?" అంటే, "మేత మంచిదే. రొయ్య సంగతి నేను చెప్పలేను" అనేవాడు. చుట్టుపక్కల డీలర్లంతా నెల తిరక్కుండా రొయ్య బొటనవేలంత అవుతుందని ఒట్లు వేస్తుంటే, ముదినేపల్లి రైతులు ఈయన దగ్గరికే వచ్చేవాళ్ళు. చెరువుల మధ్య గట్టు తగువులొస్తే ఈయన్నే సాక్షిగా పిలిచేవాళ్ళు. "చూసింది చూశానంటాను, చూడంది చూళ్ళేదంటాను" అని ముందే చెప్పి కూర్చునేవాడు. ఆయన చెప్పాక ఇక రెండో మాట ఉండేది కాదు.

అమ్మకాలు బాగా చేసినందుకు మేత కంపెనీవాళ్ళు కొందరు డీలర్లని అమెరికా తీసుకెళ్ళారు. రొయ్యల రోజులు బాగా నడుస్తున్న కాలం అది. మా బావ, కైకలూరు డీలరు ఒకాయన, ఇంకా కొంతమంది కలిసి వెళ్ళారు. తిరిగి వచ్చిననాడు గుడివాడ ఇంట్లో చుట్టాలంతా చేరాం. అందరూ సర్దుకుని కూర్చున్నాక బావ గొంతు సవరించుకున్నాడు.

"రోడ్లు బాగున్నాయి. చలి ఎక్కువ. అన్నం దొరకలేదు" అని ఆగిపోయాడు.

"అంతేనా?" అంది అక్కయ్య.

"ఇంకొకటుంది" అని మొదలుపెట్టాడు. "జూదాలాడే ఊరొకటుంది. అక్కడికి తీసుకెళ్ళారు. ఆ ఊళ్ళో ఒక టవరుంది. ఆ టవరు పైన ఒక యంత్రం ఉంది. అది మనుషుల్ని కుర్చీల్లో కట్టేసి, టవరు అంచు దాటించి బయటికి పెట్టి, వంచి, తిప్పుతుంది. నేనెక్కాను."

అందరం ఒకళ్ళ మొహాలు ఒకళ్ళం చూసుకున్నాం. నేను అప్పటికే బందరు కాలేజీలో చరిత్ర పాఠాలు చెబుతున్నాను. ఆధారం చూపించమనడం నాకు వృత్తిధర్మం.

"ఎంత ఎత్తుంటుంది బావా టవరు?"

"నేను కొలవలేదు. మన మంగినపూడి లైట్‌హౌసుని పక్కన పెడితే దానికి మోకాలి దాకా వస్తుందేమో. అదీ అంచనాయే."

"అంత ఎత్తున్నదాని మీదికెక్కి, మళ్ళీ దాని మీద ఊయల ఊగడం దేనికి?"

"అది నాకూ అర్థం కాలేదు."

"మరి మీరెందుకెక్కారు?"

"బాత్‌రూము క్యూ అనుకున్నాను."

గది దద్దరిల్లింది. మా మేనత్త కొంగు నోట్లో కుక్కుకుంది. బావ నవ్వలేదు. అందులో నవ్వేందుకు ఏముందో ఆయనకి తెలియలేదు. క్యూ కదులుతూ ఉంటే కదిలాననీ, జేబుల్లోవన్నీ తీసి ఒక డబ్బాలో పెట్టమంటే ఎందుకో అనుకుంటూనే పెట్టాననీ, కుర్చీలో కూర్చోబెట్టి బిగించేటప్పటికి అనుమానం వచ్చింది కానీ ఇంగ్లీషు రాలేదనీ చెప్పాడు.

"ఫొటో ఉందా?" అన్నాను.

"వాళ్ళే తీశారు. దిగాక చూపించారు. అందులో నా మొహం నాలా లేదు. అది ఎవరైనా కావచ్చు. ఆధారానికి పనికిరాదని తీసుకోలేదు."

కైకలూరు డీలరుని అడిగితే తేలిపోతుంది కదా అనుకున్నాం. ఫోన్ చేశాం. ఆయన క్షణం కూడా తడుముకోలేదు.

"జూదాల ఊరేమిటండీ? మేం అలాంటిచోటికి వెళ్ళనేలేదు. చెరువులు చూశాం, గుడికెళ్ళాం, వచ్చేశాం. మీ బావగారికి విమానంలో కొంచెం నిద్ర చాల్లేదు."

మిగతా డీలర్లూ అదే పాట. జూదాల ఊరు వెళ్ళామని ఇళ్ళల్లో చెప్పుకోలేక అందరూ కూడబలుక్కున్నారు. ఆ సంగతి బావకి తెలుసు. వాళ్ళ అబద్ధం కూలిస్తే తప్ప ఆయన నిజం నిలబడదు. వాళ్ళ ఇళ్ళకి వెళ్ళి గొడవ చేసే మనిషి కాదు ఆయన. మెదలకుండా ఊరుకున్నాడు.

ఊరుకుంటే ఊరు ఊరుకుంటుందా! నెల తిరక్కుండా ముదినేపల్లిలో ఆయన పేరు పోయి 'టవరుగారు' అయ్యాడు. "టవరుగారి షాపెక్కడండీ?" అంటే బస్టాండులో ఎవరైనా చెప్పేవారు. మేత కొనడానికి వచ్చిన రైతు మేత తీసుకుని, పోతూపోతూ పైకి చూసి "ఇవాళ గాలెక్కువగా ఉందండీ, ఊగేరు!" అనేవాడు. బావ దానికి కూడా తలెత్తి చూసి "అంత లేదే" అనేవాడు.

అంతవరకూ సర్దుకున్నాడు. ఆ వేసవిలో ఒక గట్టు తగువు వచ్చింది. పక్కపక్క చెరువులవాళ్ళు ఇద్దరు. గట్టు తెగి ఒకడి చేపలన్నీ రెండోవాడి చెరువులోకి పోయాయి. గట్టు దానంతటదే తెగిందా, తెంపారా అన్నది గొడవ. ఆ సాయంత్రం బావ ఆ దారిన వస్తూ కళ్ళారా చూశాడు. పిలిచారు. వెళ్ళి, చూసింది చూసినట్టు చెప్పాడు. గట్టు తెంపిన ఆసామి లేచి, తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు.

"ఆకాశంలో ఊయలూగొచ్చానన్న మనిషి మాట పట్టుకుని తీర్పు చెబుతారాండీ?"

పంచాయితీలో ఉన్నవాళ్ళంతా నవ్వేశారు. పెద్దమనుషులు కూడా. తీర్పు వాయిదా పడింది.

మర్నాడు మా అక్కయ్య నాకు ఫోన్ చేసింది. "ఒరేయ్, మీ బావ మంచం మీద పడుకుని ఫ్యాను కేసి చూస్తున్నారు. అన్నం వద్దన్నారు. ఎందుకు వద్దండీ అంటే, ఆకలి లేదనలేదురా. ఆకలేస్తోంది కానీ తినాలని లేదన్నారు. నాకు భయంగా ఉంది. నువ్వు రా."

బస్సెక్కి వెళ్ళాను. నన్ను చూసి లేచి కూర్చున్నాడు.

"బామ్మర్దీ, నాకు వేరే ఆస్తి ఏముంది? చెప్తే నమ్ముతారన్న మాటొక్కటే. అది పోయింది."

"బావా, నెట్ సెంటరుకెళ్ళి ఆ టవరు బొమ్మ తీయిద్దాం. అందరికీ చూపిద్దాం."

"గ్రాఫిక్సంటారు. సినిమాల్లో కొండలెగరడం చూశారు కదా. వాళ్ళ గొడవల్లా అలాంటిది ఉండటమే కుదరదని. ఉండొచ్చని చూపించాలి." పైకప్పు వైపు వేలు పెట్టాడు. "మన మేడ మీద కడతాను."

నవ్వుదామని చూశాను. ఆయన మొహం చూశాక నవ్వు రాలేదు.

గుడివాడలో ట్రాక్టరు ట్రక్కులు చేసే వెల్డింగు మేస్త్రిని పిలిపించాడు. మేస్త్రి కుర్చీ చివర కూర్చుని శ్రద్ధగా విన్నాడు.

"ఏం చెయ్యాలండీ?"

"మనుషుల్ని మేడ మీంచి బయటికి పెట్టే యంత్రం."

మేస్త్రి చాలాసేపు ఆలోచించాడు. "మళ్ళీ లోపలికి తీసుకోవాలాండీ?"

"తీసుకోవాలి."

"అయితే ఖర్చవుద్దండీ" అన్నాడు మేస్త్రి.

వాళ్ళది మూడంతస్తుల మేడ. వీధివైపు పిట్టగోడ కొంత తీయించారు. మధ్యలో గట్టి ఇనుప దిమ్మ బిగించి, దాని మీద తిరిగేలా పొడుగాటి దూలం పెట్టారు. దూలానికి ఒక చివర రెండు కుర్చీలు. అవి మంగలి షాపు మార్చేస్తున్న ఒకాయన దగ్గర కొన్నవి. తల పెట్టుకునే దిండుతో, కాళ్ళు పెట్టుకునే మెట్టుతో, తిప్పితే తిరిగేవి. రెండో చివర బరువుకి మేత బస్తాలు. చెరువులో నీళ్ళు చిలకడానికి వాడే మోటారొకటి తెచ్చి, గేర్లు తగిలించి, దూలం తిరిగేలా చేశారు. మీట నొక్కితే కుర్చీలు మేడ దాటి వీధి మీదికి వెళ్తాయి. ఇంకో మీట నొక్కితే ముందుకి వంగుతాయి.

మొదట గుమ్మడికాయల్ని కూర్చోబెట్టి పరీక్ష చేశారు. అందులో ఒకటి బెల్టులోంచి జారి ఎదురింటివాళ్ళ రేకుల మీద పడింది. బావ స్వయంగా వెళ్ళి ఒప్పుకున్నాడు. "మనుషుల్ని ఇంకా గట్టిగా కడతాం లెండి" అని ధైర్యం కూడా చెప్పొచ్చాడు.

ఒక ఆదివారం మధ్యాహ్నం ముహూర్తం పెట్టాడు. నవ్వినవాళ్ళందరినీ పేరుపేరునా పిలిచాడు. గట్టు ఆసామి వచ్చి వీధిలో కానుగ చెట్టు నీడన నిలబడ్డాడు. కైకలూరు డీలరు రాకుండా తప్పించుకుందామనుకున్నాడట కానీ, ఆయన భార్యకి చూడాలని సరదా. ఇద్దరూ వచ్చి మేడ మీదే కుర్చీలు వేయించుకున్నారు. అక్కయ్య మాత్రం ఈ పిచ్చిపనికి కొబ్బరికాయ కొట్టేది లేదంది. ఆఖరి నిమిషంలో వచ్చి కొట్టి, నాలుగు ముక్కలు చేసి, ఒకటి నా నోట్లో పెట్టింది. అప్పుడు అర్థమైంది, రెండో కుర్చీ నాదని.

"నేనెందుకు బావా? నేను చరిత్ర చెప్పేవాణ్ణే గానీ చేసేవాణ్ణి కాదు."

"నువ్వు ఆధారం లేకుండా దేన్నీ నమ్మవు. నువ్వు చెబితే నమ్ముతారు. కూర్చో."

కూర్చున్నాను. ఆ పూట రొయ్యల ఇగురుతో మూడుసార్లు అన్నం కలుపుకున్నందుకు నన్ను నేనే తిట్టుకుంటూ కూర్చున్నాను. మేస్త్రి బెల్టులు బిగించి, వాటి మీద గేదెల్ని కట్టే పలుపుతాళ్ళు కూడా చుట్టాడు. మీట నొక్కాడు.

దూలం మూలిగింది. మేడ నేల నా కాళ్ళ కిందనుంచి వెనక్కి వెళ్ళిపోయింది. తర్వాత పిట్టగోడ వెళ్ళిపోయింది. తర్వాత వెళ్ళడానికి ఏమీ లేదు. కింద వీధి, వీధిలో తలలు, ఆ తలలన్నిటికీ నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి. ఎదురింటి మేడ మీద ఒకావిడ వడియాలు పెడుతోంది. మేం సరిగ్గా ఆవిడ ఎత్తుకి వచ్చి ఆగాం. ఆవిడ పిండి చేత్తోనే కొంగు సర్దుకుంది.

"భోజనాలయ్యాయా అన్నయ్యగారూ?" అంది.

"అయిందమ్మా. మజ్జిగన్నమొక్కటే తినలేదు" అన్నాడు బావ.

మేస్త్రి రెండో మీట నొక్కాడు. కుర్చీలు ముందుకి వంగాయి. నా కళ్ళద్దాలు ముక్కు చివరికి జారాయి. నేను తిన్న రొయ్యలు మళ్ళీ ఈదడం మొదలుపెట్టాయి. "చాలు బావా, నమ్మాను" అందామని నోరు తెరిచేసరికి, వీధి వీధంతా ఇళ్ళల్లో తిరుగుతున్న ఫ్యాన్ల చప్పుడు ఒక్కసారిగా ఆగిపోయింది. మా మోటారు కూడా.

"కరెంటు పోయిందండీ!" అని అరిచాడు మేస్త్రి.

"చేత్తో తిప్పు!"

"గేరు పట్టేసిందండీ. కరెంటొస్తేనే కదులుద్ది."

"మన జనరేటరు?" అన్నాడు బావ.

"చెరువు గట్టు మీద ఉందండీ. ముదినేపల్లిలో."

అలా వేలాడాం. బావ కనుబొమలు దగ్గరికి చేర్చుకుని వీధినే చూస్తున్నాడు. భయంగా ఉందా అని అడిగాను. "ఉంది" అన్నాడు. నాకు కొంచెం ధైర్యం వచ్చింది. పక్కవాడు కూడా భయపడుతున్నాడని తెలిస్తే అదొక ఆసరా.

వెనకనుంచి మేడ మీద నవ్వులు వినపడ్డాయి. కైకలూరు డీలరు. మమ్మల్ని ఆ స్థితిలో చూసేసరికి ఆయనకి హుషారొచ్చింది. కుర్చీలోంచి లేచి అంచు దాకా వచ్చాడు.

"ఇదేం వంగడమండీ! ఇది వంగినట్టేనా? అక్కడైతే నిలువునా వంగేసింది కదా, మీరు అమ్మో అమ్మో అని అరిస్తే కింద మాకు వినపడిందీ..."

అని ఆగిపోయాడు. చాలా ఆలస్యంగా ఆగాడు.

మేం వెనక్కి తిరిగి చూడలేం. వినడమే.

"ఎక్కడ?" అంది ఆయన భార్య.

"అదే... అక్కడ..."

"గుడి దగ్గరా?"

ఆవిడ కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడైంది.

"జూదాల ఊరు వెళ్ళారన్నమాట. మీరు కిందేం చేస్తున్నారు?"

ఆ తర్వాత మెట్ల మీద గబగబా దిగుతున్న చెప్పుల చప్పుడు, వాటి వెనకే గాజుల చప్పుడు. ఒక నిమిషంలో డీలరు మా కిందనుంచి వీధిలోకి వచ్చి బస్టాండువైపు నడిచాడు. ఆయన భార్య వెంటపడుతూ ఆగి, తలెత్తి మా బావని చూసింది.

"అన్నయ్యగారూ, క్షమించండి. ఈయన చెప్పింది నమ్మి మీ గురించి మా వీధిలో నేనే అందరికీ చెప్పి నవ్వాను" అని మళ్ళీ ఆయన వెనక పరిగెత్తింది.

మేడ మీదనుంచి మేస్త్రి ఆ కబురంతా వీధిలోకి అరిచి చెప్పాడు. జనంలో గోల లేచింది. గట్టు ఆసామి కానుగ చెట్టు నీడలోంచి బయటికి వచ్చి నోటికి చేతులడ్డం పెట్టుకున్నాడు.

"సరేనండీ, నమ్మాం! దిగండి!"

"దిగడం నా చేతుల్లో లేదండీ!" అన్నాడు బావ.

బావ మొహంలోకి అప్పుడు చూశాను. తలకిందులుగా వేలాడుతున్నంత పని చేస్తూ, ఆ మనిషి ఎన్నో నెలల తర్వాత నవ్వుతున్నాడు. కళ్ళనీళ్ళు వచ్చి, ముక్కు మీదుగా జారి, వీధిలో పడ్డాయి.

ఆ సంతోషం కాకులు చెడగొట్టాయి. రొయ్యల మేతకి ఎండుచేపల వాసనుంటుంది. అటు చివర బస్తాల మీద మొదట ఒక కాకి వాలింది. అది తన బంధువుల్ని పిలిచింది. చూస్తూ ఉండగానే బస్తాలు చిల్లులు పడి, మేత జలజలా రాలడం మొదలైంది. దూలం కిర్రుమంది. మా కుర్చీలు ఒక జానెడు కిందికి దిగాయి.

"బరువు తగ్గిపోతోందండీ!" అని మేస్త్రి కేకపెట్టి తనే దూలం చివర ఎక్కి కూర్చున్నాడు. మేస్త్రి బక్కమనిషి. దూలం ఆయన్ని లెక్కచెయ్యలేదు. ఇంకో జానెడు దిగాం.

మేడ మీద ఇంక మిగిలింది మా అక్కయ్య.

"ఏమేవ్! నువ్వెళ్ళి ఆ చివర కూర్చో! నువ్వొక్కదానివి చాలు!" అని అరిచాడు బావ.

మా అక్కయ్య గొంతు నింపాదిగా వచ్చింది.

"ఏమన్నారు?"

"నువ్వొక్కదానివి చాలన్నాను."

"అంటే నేను లావుగా ఉన్నాననేనా?"

మా అక్కయ్య అప్పటికి నాలుగైదేళ్ళుగా రాత్రిళ్ళు చపాతీలే తింటోంది. ఆ విషయం ఇంట్లో ఎవరూ ఎత్తకూడదు. ఆయన కూడా ఎత్తేవాడు కాదు, ఎందుకంటే అక్కయ్యే ఎప్పుడూ అడగకుండా జాగ్రత్తపడేది. ఇప్పుడు వీధంతా వింటుండగా అడిగేసింది.

"బావా, మీకు దణ్ణం పెడతాను, సన్నగా ఉందని చెప్పండి" అని గొణిగాను. "ఇద్దరం పోతాం."

దూలం మళ్ళీ కిర్రుమంది. బావ ఆలోచించాడు. ఆ స్థితిలో కూడా ఆలోచించాడు.

"ఉన్నావు" అన్నాడు గట్టిగా. "నువ్వలా ఉండబట్టే ఇవాళ నేనుంటాను."

వెనకేం జరుగుతోందో మాకు తెలియదు. వడియాలు పెట్టే ఆవిడ మొహమే మాకు దిక్కు. ఆవిడ కళ్ళు పెద్దవయ్యాయి. తర్వాత నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. తర్వాత దూలం అటువైపు దభీమని కూర్చుంది. మా కుర్చీలు ఉయ్యాల్లా పైకి లేచి, స్థిరంగా నిలబడ్డాయి. వీధిలో ఈలలు, చప్పట్లు. గట్టు ఆసామి కూడా చప్పట్లు కొట్టాడు.

అక్కయ్య అలాగే కూర్చుంది. కాకుల్ని కొబ్బరిపీచుతో తోలుతూ, మజ్జిగన్నం తినకుండా లేచారని ఒకసారీ, పిట్టగోడ ఎవరు కట్టిస్తారని ఒకసారీ ఆయన్ని తిడుతూ, కరెంటు వచ్చేదాకా దిగకుండా కూర్చుంది.

మేడ నేల మీద కాళ్ళు ఆనగానే నేను పడుకున్నాను. జనం మెట్లెక్కి వచ్చి బావ చుట్టూ చేరారు. "ఇప్పుడు పూర్తిగా నమ్మకం కుదిరిందండీ" అన్నారెవరో.

"ఇది చూసి అది నమ్మకండి" అన్నాడు బావ తాళ్ళు విప్పుకుంటూ. "ఇది నేను కట్టింది. అది వేరే. అక్కడ కరెంటు పోలేదు."

మరుసటి వారం గట్టు తగువు మళ్ళీ పంచాయితీకి వచ్చింది. గట్టు ఆసామే వచ్చి షాపు ముందు నిలబడి, "తెంపింది నేనేనండీ. మీరు ఇంక రావక్కర్లేదు" అని చెప్పి వెళ్ళాడు. 'టవరుగారు' అన్న పేరు మాత్రం పోలేదు. ఆ పేరు చెప్పి ఎంతోమంది ఆయన దగ్గర మేత కొన్నారు.

మునిసిపాలిటీవాళ్ళు చూసిపోయాక, దూలం విప్పించేశారు. పిట్టగోడ మళ్ళీ కట్టించారు. కుర్చీలు రెండూ మేడ మీదే నేలకి బిగించి ఉంచేశారు. ఆ తర్వాతెప్పుడో ఒక సాయంత్రం నేను వెళ్ళేటప్పటికి ఇద్దరూ మేడ మీదే ఉన్నారు. మెట్ల మలుపులో ఉండగా అక్కయ్య మాట వినపడి ఆగాను.

"ఇంతకీ అక్కడ ఎలా ఉందండీ?"

"ఎక్కడ?"

"ఆ టవరు మీద. బయటికి పెట్టినప్పుడు."

ఏడాది నుంచీ ఊరంతా కలిసి ఆ మనిషిని నిజమా కాదా అని అడిగింది. ఎంత ఎత్తు, ఏది ఆధారం అని నేనడిగాను. ఎలా ఉంది అని ఒక్కళ్ళమూ అడగలేదు. పప్పుచారులో ఉప్పు ఎంత తగ్గిందో కూడా చెప్పగలిగిన మనిషికి మాట దొరకలేదు.

"చెప్పటం రాదే" అన్నాడు చివరికి. "కూర్చో."

నేను ఇంకో రెండు మెట్లెక్కి తల పైకి పెట్టాను. మా అక్కయ్య మంగలి కుర్చీలో, చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని బుద్ధిగా కూర్చుంది. బావ పంచె ఎగ్గట్టి, కుర్చీ వెనక నిలబడి, దాన్ని మెల్లగా తిప్పడం మొదలుపెట్టాడు. తర్వాత కొంచెం వేగంగా. తర్వాత ఆయన కూడా దాని చుట్టూ పరిగెడుతున్నాడు. మోకాలు పట్టేసి కుంటుతున్నాడు. అక్కయ్య జడ విడిపోయి గాల్లోకి లేచింది. గుడివాడ ఇళ్ళన్నీ, కొబ్బరిచెట్లన్నీ, రైలు స్టేషను దీపాలన్నీ ఆవిడ చుట్టూ తిరిగి ఉంటాయి.

"ఆపండి! ఆపండంటే!" అని అరిచింది.

బావ వెంటనే ఆపాడు. అడిగింది అడిగినట్టు చేసే మనిషి కదా.

అక్కయ్య కుర్చీ చేతుల్ని గట్టిగా పట్టుకుని, కళ్ళు మూసుకుని ఊపిరి తీసుకుంది.

"ఎందుకాపారు?" అంది.